అవ్వ చెప్పిన రెండో కథ

తెలంగాణ సాయుధ పోరాట జ్ఞాపకాలలో స్త్రీల గొంతు గురించి మూడు వందల పేజీలు రాసి డాక్టరేట్ తీసుకున్నాను. అందులో మా అవ్వ చెప్పిన కథ ఒకటి ఉంది. ఆమె చెప్పిన ఇంకో కథ లేదు. లేదన్న సంగతి గైడ్‌కు తెలియదు, పరీక్షకులకూ తెలియదు. వదిలేసింది నేనే. ఎందుకు వదిలేశానని ఇన్నేళ్ళ తర్వాత నన్ను నేను అడుక్కుంటున్నాను. జవాబు అంత తేలిగ్గా దొరకడం లేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మాది ఆర్మూరు పక్కన వేల్పూరు. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే ఊరంతా ఉడికిన పసుపు వాసన. కల్లాల్లో కొమ్ములు ఎండుతుంటే ఇళ్ళల్లో ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. 2001లో మా మండలం బాలకార్మికులు లేని మండలంగా పేరు తెచ్చుకుంది. అప్పుడు నాకు పన్నెండో పదమూడో ఏళ్ళు. చాటల ముందు నుంచి లేచి వచ్చిన పిల్లలు మా క్లాసులో నా పక్కన కూర్చున్నారు. ‘హక్కు’ అనే మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. పిల్లలందరికీ అన్నారు. ఎవరి పిల్లలని అడగలేదు. ఆ ‘అందరికీ’ అనేది ఎంత బరువైన మాటో చాలా కాలం దాకా నాకు తట్టలేదు.

అవ్వ, అంటే మా నాయనమ్మ, ఈ ఊరికి కోడలుగా వచ్చింది. పుట్టిల్లు మెదక్ వైపు ఒక పల్లె. ఆ పల్లె పేరు రాయను. 1948లో ఆమెకు పదమూడేళ్ళు.

మొదటి కథ మా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. బతుకమ్మ పండక్కి చుట్టాలు చేరినా, ఎవరన్నా చదువుకున్నవాళ్ళు వచ్చి ‘పాత సంగతులు చెప్పు’ అన్నా అవ్వ దాన్నే ఎత్తుకునేది. రజాకార్లు వస్తున్నారని కబురు రాగానే ఆడవాళ్ళంతా జొన్న చేలల్లోకి పరుగెత్తడం, రెండు రాత్రులు అక్కడే ఉండడం, పసిపిల్ల ఏడవకుండా ఒకామె నోట్లో కొంగు కుక్కడం, తిరిగొచ్చేసరికి గరిసెలు ఖాళీ, వాళ్ళ నాయన వీపు మీద కొరడా వాతలు. గొంతు పెంచి, చేతులు తిప్పుతూ చెప్పేది. వింటున్నవాళ్ళకు ఎక్కడ నిట్టూర్చాలో కూడా తెలుసు.

రెండోది ఒక్కసారే చెప్పింది. నేను ఎం.ఏ. చదువుతూ ఇంటికి వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం. అవ్వ, మా మేనత్త బీడీలు చుడుతున్నారు. మగవాళ్ళు ఎవరూ లేరు. నా ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తూ ఉంది. మొత్తం ఏడు నిమిషాలు. ఆమె గొంతు పెంచలేదు, చేతులు తునికాకు మీద నుంచి కదల్లేదు.

‘పోలీసాక్షన్ అయి కొన్ని దినాలైంది. గాజులామె రాత్రిపూట మా ఇంటికొచ్చింది. తురకామె. ఎప్పుడూ నెత్తి మీద గాజుల మలారం ఉండేది, గప్పుడు లేదు. మా అమ్మ ఆమె మొకానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తన చీర ఇచ్చింది. నాలుగొద్దులు మాతోనే చేన్లకొచ్చింది. అయిదో నాడు రాత్రి ఒచ్చిండ్రు. తలుపు తియ్యకుంటే ఇల్లు కాలవెడ్తమన్నరు. మా అమ్మ తలుపు తీసింది.’

‘ఎవలొచ్చిండ్రు అవ్వా?’

‘మనోళ్లే బిడ్డ.’

తర్వాత కొన్ని క్షణాలు ఆకు కత్తిరించే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ తర్వాత నా గొంతే వినిపిస్తుంది: ‘సరే గని అవ్వా, సంగమోళ్ళు మీ ఊరికి ఎప్పుడొచ్చిండ్రు?’

మాట మార్చింది అవ్వ కాదు. నేను. స్త్రీల మౌనాన్ని బద్దలు కొట్టాలని సెమినార్లలో మాట్లాడే నేను, ఒక ముసలమ్మ అరవై ఏళ్ళ తర్వాత నోరు తెరిస్తే నా ప్రశ్నతో మూసేశాను. అవ్వ 2016లో పోయింది. మళ్ళీ అడిగే అవకాశం లేదు. గాజులామె పేరేమిటని కూడా నేను అడగలేదు. ప్రతి పండక్కీ చేతులకు గాజులు తొడిగిన మనిషి పేరు ఆమెకు తెలియకుండా ఉంటుందా?

అవ్వ చెప్పిన కథ నిజమేనా అని నాకు అనుమానం రాలేదు. నాకు తెలిసినంతలో అది ఒంటరి కథ కాదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాతి వారాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని కేంద్ర ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా వాళ్ళు జిల్లాలు తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఆ తర్వాత వరసలో చెప్పిన జిల్లాల్లో మెదక్ ఉంది. ఎత్తుకుపోయిన స్త్రీల గురించి, శవాలతో నిండిన బావుల గురించి కూడా వాళ్ళు రాశారు. ఒక బావిలో లెక్కపెట్టిన పదకొండు శవాల్లో రొమ్ముకు బిడ్డ అతుక్కుని ఉన్న ఒక తల్లి ఉంది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తర్వాత పరిశోధకుల పుణ్యాన, 2013లో ఎ.జి. నూరానీ పుస్తకంలో, అది జనం చేతికి అందింది.

నివేదికలో తేదీలు చూస్తూ ఒకచోట ఆగిపోయాను. ఆ బృందం మన ఊళ్ళల్లో తిరుగుతున్నప్పుడే, 1948 డిసెంబరు 10న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సార్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. 48 దేశాలు అవునన్నాయి, ఎవరూ కాదనలేదు, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. మూడు నెలల ముందు, సెప్టెంబరు 16న, అదే పారిస్‌లో భద్రతా మండలి హైదరాబాద్ ఫిర్యాదును చర్చకు తీసుకుంది. నిజాం పంపిన బృందంలో దళిత నాయకుడు శ్యాంసుందర్ కూడా ఉన్నాడు. (దళితుల వైపు నుంచి 1948 ఎలా కనిపించిందో రాయడం ఇంకో పెద్ద పని. పోరాట చరిత్రలు దాని జోలికి పెద్దగా పోలేదు.) ప్రకటన మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అని ధ్వనించే మాటను తీసేసి ‘మానవులందరూ’ అని పెట్టించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఈ సంగతిని నేను క్లాసుల్లో ఎంత గర్వంగా చెప్పానో. ఒక స్త్రీ, ఒక్క మాట మార్చి సగం ప్రపంచాన్ని లోపలికి తెచ్చింది కదా!

ఇప్పుడు ఆ గర్వం కొంచెం గుచ్చుకుంటోంది. ‘మానవులందరూ’ అనే మాట పారిస్‌లో గెలిచిన రోజున, ఆ మాట తెచ్చినామె దేశంలోనే, బావుల్లోని శవాలను లెక్కపెట్టే పని నడుస్తోంది. లెక్కపెట్టాక ఆ కాగితాలు బీరువాలోకి పోయాయి. ఇందులో హంసా మెహతా తప్పేమీ లేదు. నన్ను వేధించేది వేరే. ‘అందరూ’ అనడం తేలిక. ఆ మాటకు ఊరు లేదు, ఇంటి పేరు లేదు. జ్ఞాపకానికి మాత్రం ఊరూ పేరూ ఉంటాయి, ‘మనోళ్లు’ ఉంటారు. సార్వజనీనమైన హక్కుకూ, ఎప్పుడూ ఎవరో ఒకరిదే అయిన జ్ఞాపకానికీ పొత్తు కుదిరేదెలా?

మన దగ్గర కుదర్లేదనే చెప్పాలి. ఏటా సెప్టెంబరు 17 వస్తుంది. విమోచన, విలీనం, విద్రోహం అంటూ ఎవరి పేరు వాళ్ళు పెట్టుకుంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంటే, అదే రోజు అదే నగరంలో కేంద్రం విమోచన దినం చేసింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. అదే ఏడాది రజాకార్ల మీద సినిమా కూడా వచ్చింది. ఈ పేర్లలో ఏ ఒక్కదానిలోనూ గాజులామెకు చోటు లేదు. ‘విద్రోహం’ అనేవాళ్ళు కూడా మాట్లాడేది ఎక్కువగా సాయుధ పోరాటానికి జరిగిన ద్రోహం గురించే. 1951 అక్టోబరు దాకా సాగిన ఆ పోరాటంలో నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ నాలుగు వేలకు స్తూపాలు ఉన్నాయి, పాటలు ఉన్నాయి. ఉండాలి కూడా.

ఇక్కడ నా స్నేహితురాలు ఒకామె అభ్యంతరం చెప్పింది. ఆమె మాటను దాటేయలేను. ‘రెండు హింసల్ని పక్కపక్కన పెడితే సమానం చేసినట్టు కాదా? రజాకార్ల వెనక రాజ్యం ఉంది, భూస్వామ్యం ఉంది. బైరాన్‌పల్లి ప్రతీకారం కాదు, అణచివేత’ అంది. నిజమే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు మీద జరిగినదాన్ని ఏ తక్కెడలోనూ తగ్గించి తూచలేం. కానీ ఆ తక్కెడ ఎవరు పట్టుకున్నారో చూడాలి. రజాకార్లతో చేతులు కలిపిన దేశ్‌ముఖులు హిందువులు. రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపారు. పోరాటానికి గొంతునిచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ సంగతి వేరే చెప్పాలా? దోపిడీ చేసినవాడు ఒకడైతే, మతం పేరున లెక్క తీర్చుకున్నది ఇంకొకరి మీద. గాజుల మలారం మోసే మనిషి ఏ జాగీరు ఏలింది? ఆమెను చంపడం భూస్వామ్యం మీద దెబ్బ ఎలా అవుతుంది?

పక్కపక్కన పెట్టడం అంటే తూకం వేయడం కాదని నేను అనుకుంటున్నాను. ఒక మరణం ఇంకో మరణానికి వివరణ కావచ్చు. రసీదు మాత్రం కాదు.

ఈ చిక్కుముడి మన ఒక్కరిదే కాదు. శ్రీలంక తమిళుల సంగతి చూడండి. 1981లో జాఫ్నా గ్రంథాలయం తగలబెట్టారు, 1983 జులైలో కొలంబోలో ఊచకోత, 2009 మేలో ముల్లివాయ్‌క్కాల్. యుద్ధం చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. చనిపోయినవాళ్ళ కోసం జాఫ్నా విశ్వవిద్యాలయంలో కట్టుకున్న స్మారకాన్ని 2021 జనవరిలో రాత్రిపూట కూల్చేశారు. విద్యార్థులు నిరాహార దీక్ష చేసి మళ్ళీ కట్టించుకున్నారు. మాయమైన బిడ్డల ఫోటోలు పట్టుకుని తల్లులు 2017 నుంచి రోడ్ల పక్కన కూర్చున్నారు. ఏడవడానికి కూడా అనుమతి కావలసిన చోట జ్ఞాపకమే ప్రతిఘటన. దీనిలో సందేహం లేదు.

అయితే అదే నేల మీద 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలందరినీ వెళ్ళగొట్టింది. జాఫ్నాలో వాళ్ళకిచ్చిన గడువు రెండు గంటలు. డెబ్బై వేలకు పైగా మనుషులు కట్టుబట్టలతో వెళ్ళిపోయారు. ఇది తమిళుల జ్ఞాపకంలో భాగమా, ముస్లింల జ్ఞాపకంలోనా? వెళ్ళగొట్టినవాళ్ళ పక్కింటివాళ్ళు ఆ రోజు ఏం చేశారో వాళ్ళ మనవరాళ్ళు అడిగారా?

అడిగిన ఒక స్త్రీ గురించి మన స్త్రీవాదులం ఎక్కువగా మాట్లాడుకోవాలి. రజనీ తిరణగమ. జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ చెప్పే డాక్టరు. ఒకప్పుడు ఎల్‌టీటీఈని నమ్మిన మనిషి. తర్వాత మరో ముగ్గురితో కలిసి ‘ది బ్రోకెన్ పామైరా’ రాసింది. శ్రీలంక సైన్యం చేసింది రాసింది. శాంతి పేరుతో వెళ్ళిన మన భారత సైన్యం చేసింది రాసింది. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో రోగుల్ని, డాక్టర్లని, నర్సుల్ని చంపిన సైన్యం మనదే. అక్కడ ‘మనోళ్లు’ మనమే. ఆ పైన తన వాళ్ళు, తమిళ సాయుధ దళాలు, తన ప్రజల మీదే చేసిన హింస కూడా రాసింది. 1989 సెప్టెంబరు 21న విశ్వవిద్యాలయం నుంచి సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. ఆమెకు ముప్ఫై అయిదేళ్ళు. ఇంచుమించు ఇప్పటి నా వయసు. ఆమె సైన్యాల దౌర్జన్యం గురించి మాత్రమే రాసి ఊరుకుని ఉంటే వీరవనిత అయ్యేదేమో. నాకు అలాంటి ప్రమాదం ఏమీ లేదు. మహా అయితే ఊళ్ళో నాలుగు మాటలు, చుట్టాల్లో ఒక పెళ్ళికి పిలుపు రాకపోవడం. ఆ మాత్రానికే నేను ఏడు నిమిషాల రికార్డింగు దాచేశాను.

నా భయం రాజకీయ భయం అని మొదట నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. నా పరిశోధన చట్రం పగిలిపోతుందని భయం. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివి పెరిగిన తరం మాది. అయిలమ్మ, స్వరాజ్యం, కమలమ్మ, జమాలున్నిసా బాజీ - ఆ గొంతులు వినకపోతే నేను ఈ దారిలోకి వచ్చేదాన్నే కాదు. పోరాడిన స్త్రీ, మోసపోయిన స్త్రీ, త్యాగం చేసిన స్త్రీ - వీళ్ళందరికీ నా అధ్యాయాల్లో చోటుంది. తలుపు తీసిన స్త్రీకి లేదు. ఆమె వెట్టి చేసిన మనిషి. భర్త వీపు మీద వాతలు కడిగిన మనిషి. నాలుగు రోజులు ఒక ప్రాణం కాపాడిన మనిషి. అయిదో రోజు అప్పగించిన మనిషి. ఈమెను ఏ అధ్యాయంలో పెట్టాలి?

‘ఆమెకు వేరే దారి లేదు’ అని రాయడం మనకు అలవాటు. పితృస్వామ్యం చేతిలో ఆమె కూడా బాధితురాలే అంటే వాక్యం పూర్తవుతుంది, మనసు తేలికవుతుంది. ఇల్లు కాలబెడతామని బెదిరించినవాళ్ళు మగవాళ్ళే, సందేహం లేదు. రెండు వైపులా మగవాళ్ళు లెక్కలు తేల్చుకున్నది ఆడవాళ్ళ శరీరాల మీదే. ఉర్వశీ బుటాలియా, రీతూ మీనన్, కమలా భాసిన్ దేశ విభజన గురించి ఇదే చూపించారు. ఐనా ‘దారి లేదు’ అన్న క్షణంలో ఆమె మొదటి నాలుగు రోజులు కూడా చెరిగిపోతాయి. పసుపు రాసి, చీర ఇచ్చినప్పుడు ఆమె తనంతట తానే నిర్ణయించుకున్న మనిషి. ఆ ధైర్యం ఆమెదైతే, తర్వాతి భయమూ ఆమెదే. సుందర్‌లాల్ బృందం ఒక సంగతి రాసింది. కొన్ని చోట్ల హిందూ నేతవాళ్ళు తోటి ముస్లిం నేతవాళ్ళను కాపాడబోయి తమ ప్రాణాలు పోగొట్టుకున్నారట. అంత ధర మా ముత్తవ్వ ఎందుకు కట్టలేదని నేను అడగను. ఆ హక్కు నాకు లేదు. ఆమెకు శిక్ష వేయడానికి కాదు ఈ కథ. ఏం జరిగిందో, మా ఇంటి గడప దగ్గరే జరిగిందని, ఆ గడప లోపలి నుంచి చెప్పడానికి.

దానితోపాటు ఇంకో చిక్కు. గాజులామె గురించి నాకు తెలిసిందంతా ఆమెను అప్పగించిన ఇంటివాళ్ళు చెప్పిందే. నేను ఎంత శ్రద్ధగా రాసినా, ఆమె మా కుటుంబ అపరాధానికి సాక్షిగా మిగిలిపోతుంది. ఆమె కథ ఆమెవాళ్ళు చెప్పినట్టు ఎలా ఉండేదో! నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’, జీలానీ బానో ‘ఐవానే గజల్’, ఆ తర్వాత 1998లో వచ్చిన ‘జల్‌జలా’, షాజహానా కవిత్వం - ఇవి నా గ్రంథంలో ‘ఇతర ధోరణులు’ అనే శీర్షిక కింద రెండు పేజీల్లో ముగిసిపోయాయి. ముస్లిం స్త్రీలు రాసిందీ చెప్పిందీ నాకు ‘ఇతరం’. ఆ మాట ఎంచుకుంటున్నప్పుడు నా చేయి ఏమాత్రం తడబడలేదు.

కిందటేడు సెప్టెంబరులో మా దగ్గరి పట్నంలో ఒక కాలేజీవాళ్ళు పిలిచారు. తెలంగాణ స్త్రీలు, పోరాట వారసత్వం మీద మాట్లాడమన్నారు. అవ్వ మొదటి కథ చెప్పాను. పసిబిడ్డ నోట్లో కొంగు దగ్గర హాలు నిశ్శబ్దమైంది. చప్పట్లు కొట్టారు. రెండో కథ నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. వెనక వరసలో బురఖాలు వేసుకున్న ముగ్గురు అమ్మాయిలు కూర్చున్నారు. టీ ఇచ్చేసరికి వాళ్ళు లేరు. బస్సు టైమయి ఉండొచ్చు. ఆ మధ్యాహ్నం చాలామంది అమ్మాయిలు బస్సు కోసమే తొందరగా వెళ్ళారు. కానీ నేను చెప్పిన కథలో వాళ్ళకు ఇచ్చిన పాత్ర ఏమిటో, వేరే పాత్ర ఉందని తెలిసీ ఏం దాచానో నాకు తెలుసు. ఇంటికి వచ్చి రికార్డింగు మళ్ళీ విన్నాను.

ఇప్పుడు గ్రంథాన్ని పుస్తకంగా వేయాలనుకుంటున్నాను. రెండో కథతో ఒక కొత్త అధ్యాయం రాసి, వేసేముందు మా మేనత్తకు చదివి వినిపించాను. ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్న మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఇప్పుడు బీడీలు చుట్టడం లేదు, వేళ్ళు పనిచేయవు. చివరిదాకా విని, చాలాసేపు ఏమీ అనలేదు.

‘ఊరి పేరు పెట్టలేదు గద?’ అంది.

‘లేదత్తా.’

‘మా అమ్మమ్మ తలుపు తీసిందని రాసినవ్.’

‘రాసిన. వద్దంటవా?’

‘గాజులామె పేరు మా అమ్మకు తెల్సు. నాకొకపారి చెప్పింది గూడ. మర్శిపోయిన’ అంది. కొంచెం ఆగి, ‘రాస్తే రాయి గని, మా అమ్మ గప్పుడు పదమూడేండ్ల పోరి అని రాయి. ముందే రాయి’ అంది.

ముందే రాశాను.